చిన్నమ్మ మీద అనుమానంతో సిరిసిల్ల దాకా

ఏడాదిపాటు కోరుట్ల సంఘంలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం నా దాకా వచ్చినప్పుడల్లా తల దించుకుని పక్కవాళ్లకు అందించాను. నేను చాటుగా తాగుతానన్న సంగతి సిరిసిల్లలో ఉండే మా చిన్నమ్మ ఒక్కదానికే చెప్పుకున్నాను. నెల తిరక్కముందే అందరికీ తెలిసిపోయింది, సండే స్కూల్లో పాఠాలు చెప్పే పని పోయింది. తాగుడు మానేశాను. చిన్నమ్మతో మాటలూ మానేశాను. మనసులో పగ పెట్టుకుని బల్లలో చేయి పెట్టకూడదని మాలో గట్టి పట్టింపు. "తాగుడు ఇడిసినవ్, గా అనుమానం ఎందుకు ఇడుస్తలేవు? పోయి ఆమెనే అడుగు," అన్నారు పాస్టర్ గారు. నన్ను పంపితే ఈయనకేం లాభమో అని ఆయన్నీ అనుమానించాను!

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు, బస్సులు లేవు. నేనుండే జగిత్యాలలో నేరుగా వెళ్లే బండి దొరక్క, పొద్దున ఆరింటికి షేర్ జీపెక్కి ముప్పై రూపాయలకు కోరుట్ల చేరాను. అక్కడ మరో జీపు మారి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడకు ఎనభై. డ్రైవర్ దారి పొడుగునా ఫోనులో ఉర్దూలో గుసగుసలాడుతుంటే, మాకు టోపీ పెట్టే పథకమేదో వేస్తున్నాడనుకున్నాను. కథలాపూర్ దాటగానే నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, నినాదాలు. "గీ సంగతే అడుగుతున్న సార్, రోడ్డు ఖుల్లా ఉన్నదా అని. వంటావార్పు అయినంకనే ఇడుస్తరట," అన్నాడు డ్రైవర్. గరిటె తిప్పుతున్న పెద్దాయన నా చేతిలో విస్తరి పెట్టి "ఏ ఊరు మీది?" అన్నాడు. ఏం కూపీ లాగుతున్నాడో! జగిత్యాల అన్నాను. "మనోనివే కదా, ఇంకింత ఏసుకో," అన్నాడు. అన్నం, పప్పుచారు తిని అక్కడే రెండు గంటలు కూర్చున్నాం.

వేములవాడ నుంచి ఆటోలో సిరిసిల్ల చేరేసరికి ఒంటిగంట దాటింది. చిన్నమ్మ సాంచల షెడ్డులో నూలు కండెలు చుడుతోంది. మరమగ్గాలను అక్కడ సాంచలంటారు, అవి నడుస్తుంటే పక్క మనిషి మాట కూడా వినపడదు. సైగ చేసి బయటికి పిలిచాను. మంచీచెడూ అడక్కుండా, "నా సంగతి ఎవలకు చెప్పినవ్ చిన్నమ్మా?" అన్నాను.

"ఎవలకు చెప్పలే కొడుకా. దేవునికే చెప్పిన."

తప్పించుకుంటోంది అనుకున్నాను. "మరి కోరుట్లల అందరికెట్ల తెలిసింది?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "గీ చప్పుట్ల ఎవలకు ఇనబడదని రోజు పని చేసుకుంట గట్టిగనే ప్రార్థన చేస్త. నీ పేరు వెట్టి, తాగుడు మాన్పియ్యి ప్రభువా అని ఒర్రుతున్న. నడుమల కరెంటు పోయింది. సాంచలన్ని ఒక్కసారే ఆగినయ్. నా నోరు ఆగలే. కోరుట్ల నుంచి ఈడికొచ్చి పనిచేసే మీ సంఘపామె ఆడనే ఉన్నది. నీకు చెప్పుదామంటే ఫోనెత్తకపోతివి."

"ఇంకా చేస్తున్నవా నా కోసం?"

"చెయ్యకుంటె ఎట్ల? జర మెల్లగ చేస్తున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె నా పేరు దేవుని ముందు పెడుతున్న ఏడాదంతా, నేను ఆమె పేరు పదిమంది ముందు చెడగొట్టాను. తాగుడు పోతే నా విశ్వాసానికి అడ్డం పోయినట్టే అనుకున్నాను కానీ, అంతకన్నా పెద్దదాన్ని నేనే ముద్దుగా పెంచుకున్నాను. ఇలాంటి పని మీద ఈ దారిన వెళ్లేవారికి ఒక సలహా: బంద్ రోజుల్లో పొద్దున్నే బయలుదేరండి, తిరుగు ప్రయాణానికి ఇంకా ఎక్కువ సమయం ఉంచుకోండి. ఎవరెవరికి చాడీలు చెప్పారో వాళ్లందరి ఇళ్ల దగ్గరా దిగాల్సి వస్తుంది.