కోటీశ్వరుడి ఆత్మకథ మీద మా ఊరి అభిప్రాయాలు

సాయంత్రం నమాజుకి కాళ్లూ చేతులూ కడుక్కుంటున్నాను. ఎదురింట్లోంచి పంతులు గారి భార్య పిలిచారు. "అమ్మాయ్, ఒకసారి ఇట్లా రా. ఈయన పలకడం లేదు."

వెళ్లేసరికి పంతులు గారు పడక్కుర్చీలో ఉన్నారు. ఒళ్లో పేపరు. కళ్లజోడు సరిగ్గానే ఉంది. "పేపరు జారుతోంది, సర్దుకోండి అని రెండుసార్లు చెప్పాను. ఎప్పటిలాగే వినిపించుకోలేదనుకున్నాను," అన్నారావిడ. నిండు వయసు. ఎవరినీ కష్టపెట్టకుండా, చదువుతూ చదువుతూ వెళ్లిపోయారు.

మా పెద్ద తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. "పంతులు గారు పోయారురా" అన్నాను. "ఆయన మొన్న ఇచ్చిన పుస్తకానికి నేనింకా అభిప్రాయం రాయలేదక్కా" అన్నాడు.

అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పంతులు గారు చాలా ఏళ్లు మా ఊరి లైబ్రేరియన్. బడిలో చెప్పలేదు. పౌరోహిత్యం చేసే ఇంట్లో పుట్టారు కాబట్టి ఊరు అలా పిలిచేది. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల, మైదాపిండి జిగురుతో ఒక తెల్లకాగితం అంటించేవారు. పైన ఎర్రసిరాతో 'చదువరి అభిప్రాయం' అని రాసి ఉండేది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు దాని మీద కనీసం రెండు వాక్యాలు రాయాలి. రాయనివాళ్లకు ఇంకో పుస్తకం లేదు. కలెక్టరు వచ్చి అడిగినా లేదు.

"బాగుంది" అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. "అది అభిప్రాయం కాదు నాయనా. పెళ్లిలో తిని చెయ్యి కడుక్కునేవాడు అనే మాట" అనేవారు. నావి మరీ పొట్టిగా ఉంటాయని ఆయనకు కోపం. "అమ్మాయ్, ఇవి అభిప్రాయాలా, టెలిగ్రాములా?" అని అడిగేవారు. నేను ఇంకో మాట కలిపేదాన్ని.

ఆయన చొక్కా జేబు నిండా పాత బస్సు టికెట్లుండేవి. పుస్తకంతో పాటు ఒకటి ఇచ్చేవారు, పేజీ మూల మడవకుండా. "ఎక్కడ దిగావో గుర్తుంటుంది" అనేవారు.

మాది దూదేకే ఇల్లు. నాన్న పోయాక ఐదుగురిలో పెద్దదాన్ని నేనే. నా తర్వాతవాడు, ఈ పెద్ద తమ్ముడే, పరుపుల కొట్టు చూసుకునేవాడు. వాడిది పెద్ద గొంతు. కొట్టులో తుమ్మితే వీధి చివర చిరంజీవ అనేవాళ్లు. ఒక ఏడాది, పరుపులు కుట్టుకుంటూ ఎన్నాళ్లు, పత్తి వ్యాపారం చేస్తానన్నాడు. నేను వద్దన్నాను. ఒక్కసారే అన్నాను. వాడు పత్తి కొని గొడౌనులో పెట్టాడు. వాన రాకూడని రోజుల్లో వచ్చింది. ధర రావలసిన రోజుల్లో రాలేదు. గొడౌను కప్పు కారి సరుకు నల్లబడింది.

వాడు కొట్టుకి తాళం వేశాడు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక రోజు కాదు, రెండు నెలలు. ఎవరైనా వస్తే లేనని చెప్పమని చేత్తో సైగ చేసేవాడు. అరిచేవాడు అరవకపోతే ఇంత భయమేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ ఏడు మా వైపు పత్తి వేసిన ఇళ్లలో ఏమేం జరుగుతున్నాయో రోజూ వింటున్నాం. ఇంట్లో ఉండకూడని వస్తువులు కొన్ని మూటగట్టి, ఎదురింటికి పట్టుకెళ్లాను. పంతులు గారి భార్య ఏమిటని అడగలేదు. తీసుకుని లోపల దాచారు. పంతులు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆ పుస్తకం లైబ్రరీకి వచ్చింది. దేశమంతా తెలిసిన ఒక పెద్ద వ్యాపారి ఆత్మకథ. ఆయన ఫొటో లేని పేపరు ఉండేది కాదు. వ్యాపారాలన్నీ ఎలా మునిగిపోయాయో, మళ్లీ ఎలా లేచాడో రాసుకున్నాడు. అట్ట మీద చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. ఆ ఏడాది మా ఊళ్లో నవ్వుతున్నది ఆయనొక్కడే.

పుస్తకం కోసం జనం ఎగబడ్డారు. పత్తివాళ్లు, మిరపకాయలవాళ్లు, మార్టూరులో రాళ్ల పాలిషింగ్ షెడ్డు మూసుకున్న ఆయన. అందరికీ ఒకటే తొందర. మళ్లీ లేచే ఉపాయం ఎన్నో పేజీలో ఉంది? "నంబరు చెప్పండి చాలు పంతులు గారూ, నిలబడి చదువుకుని పోతా" అని అడిగినవాళ్లున్నారు. ఆయన మనిషికి నాలుగు రోజులు గడువు పెట్టి, పేర్లు వరసగా రాసుకున్నారు.

అభిప్రాయాలు రావడం మొదలైంది. నేను శుక్రవారం శుక్రవారం వెళ్లి చదివేదాన్ని. ఇప్పటికీ కొన్ని నోటికి వచ్చు.

మొదటిది ఒక రైతుది. "నష్టం వచ్చాక రోజూ ఉదయం ఐదింటికే లేచానని గొప్పగా రాశారు. మేము మూడింటికి లేస్తాం. మాకు నష్టం వస్తోంది."

రెండోది పాలిషింగ్ షెడ్డు ఆయనది. "బ్యాంకుకి వెళితే మేనేజరు లేచి నిలబడి కాఫీ ఇచ్చాడని ఉంది. ఆ బ్యాంకు ఏ ఊళ్లో ఉందో రాయలేదు. ముఖ్యమైన సంగతి వదిలేశారు."

వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే పని చేసి, మా ఊరికి కోడలుగా వచ్చిన ఒకామె ఇలా రాసింది. "ఆ రెండేళ్లూ ఈయన ఆలోచిస్తూ కూర్చున్నాడంట. అన్నం ఎవరు వండారో రాయలేదు. ఆమె పుస్తకం వస్తే ఇవ్వగలరు."

ఒక కమీషన్ వ్యాపారి, "పుస్తకం బరువుగా ఉంది. ఫొటోల్లో కుక్క బాగుంది" అని రాసిచ్చాడు. చదవలేదని పంతులు గారికి తెలిసిపోయింది.

"కుక్క పేరేమిటి?" అని అడిగారు.

"పేరు రాయలేదండీ."

"రాశాడు. తొంభయ్యో పేజీ. మళ్లీ పట్టుకెళ్లు."

"కుక్క పేరు కోసం తొంభై పేజీలు చదవమంటారా అండీ?"

"దాని కోసం తొంభయ్యోదొక్కటి చాలు. ముందు ఎనభై తొమ్మిది నీ కోసం."

ఒక మధ్యాహ్నం పంతులు గారు ఆ పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వరసలో మా వాడి పేరు లేదు. నేరుగా మంచం దగ్గరకు వెళ్లి తల దగ్గర పెట్టారు.

"నాకెందుకండీ కోటీశ్వరుల గొడవ" అన్నాడు వాడు గోడతో.

"నాలుగు రోజులు. తర్వాత అభిప్రాయం. నీ వెనకాల పదిహేడు మంది ఉన్నారు" అని వెళ్లిపోయారు.

నాలుగో రోజు వచ్చారు. "బాగుందండీ" అన్నాడు. పంతులు గారు పుస్తకం తిరగేసి, వెనక అట్ట తెరిచి, మళ్లీ మంచం మీద పెట్టి పోయారు.

మర్నాడు నేను నమాజులో ఉన్నాను. నుదురు నేలకి ఆనించినప్పుడు వెనక గదిలోంచి ఒక చప్పుడు వినిపించింది. దగ్గు అనుకున్నాను. కాదు, నవ్వు. ఇంకోసారి వచ్చింది. నేను చాలాసేపు తల ఎత్తలేదు.

వాడు వెనక కాగితాలే చదివాడు. తర్వాత, కుక్క పేరు చూద్దామని లోపలికి వెళ్లాడు. రెండు రోజుల్లో పుస్తకం మొత్తం చదివి, మంచం మీద లేచి కూర్చున్నాడు. "అక్కా, ఈయన నష్టం వచ్చి మూడో ఇల్లు అమ్ముకున్నాడంట! మూడోది! ఇది నష్టమా?" అన్నాడు. గొంతు సగం వచ్చింది. పెన్ను అడిగాడు.

వాడి అభిప్రాయం ఇది. "సున్నా నుంచి మొదలుపెట్టానని రాశారు. తర్వాతి పేజీలోనే డ్రైవరు ఆయనకి టిఫిను తెచ్చాడు. మా ఊళ్లో సున్నాకి డ్రైవరు ఉండడు."

పంతులు గారు దాన్ని రెండుసార్లు చదివి, సంతకం చేయించుకుని తీసుకెళ్లారు. వరసలో తర్వాతివాడికి ఇవ్వలేదు. పదహారు మందినీ దాటించి, చిట్టచివర ఉన్న ఒక మిరప రైతుకి ఇచ్చారు. అతను మా తమ్ముడి చిన్నప్పటి స్నేహితుడు. రెండు నెలల్లో నాలుగుసార్లు వస్తే, నాలుగుసార్లూ లేడనిపించుకుని వెళ్లినవాడు. లైబ్రరీలో పెద్ద రభస జరిగింది. "కళ్లజోడు మార్చాలి, పేర్లు సరిగా కనపడలేదు" అన్నారట పంతులు గారు. నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే.

మిరప రైతు పుస్తకం గురించి ఒక్క ముక్క రాయలేదు. మా వాడి అభిప్రాయం కింద రాశాడు. "పరుపుల కొట్టు వాడికి. నువ్వూ సున్నావి కాదు. నీకు కొట్టుంది, దానికి తాళం ఉంది. డ్రైవరు లేకపోతేనేం, రెండు నెలల్నించి మంచం దగ్గరకే మీ అక్క టిఫిను తెస్తోంది."

ఆ కబురు మా వాడికి చేరవేసింది పంతులు గారే. గుమ్మంలో నిలబడి, "నీ అభిప్రాయం కింద ఎవరో ఏదో గెలికినట్టున్నారు. నేను చూడలేదు" అన్నారు. ఆయన చూడని కాగితం ఆ లైబ్రరీలో ఉండదు.

వాడు చొక్కా వేసుకున్నాడు. రెండు నెలల తర్వాత గడప దాటాడు. నేను వెనకాలే వెళ్లాను. వాడు లోపలికి వెళ్లి ఆ కాగితం చదివి, పుస్తకంతో బయటికి వచ్చేసరికి లైబ్రరీ వరండాలో మిరప రైతు బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఏరా, ఇది రాసింది నువ్వేనా?"

"నేనే. అబద్ధమైతే కొట్టెయ్."

"అబద్ధమైతే ఇంతదూరం ఎందుకొస్తా?"

"వచ్చావుగా. గడ్డం చూసుకున్నావా? మా చేలో దిష్టిబొమ్మ నీకంటే నయం."

"మీ చేలో ఏముందిరా కాపలాకి?"

"ఏం లేదు. అందుకే దాన్ని పీకి ఇంటికి తెచ్చేశా, అది కూడా పనిలేకుండా పడుకుంది నీలాగా. ఒరేయ్, మా ఇంట్లో పరుపులు గడ్డకట్టి బండలయ్యాయి. ఏకి కుట్టాలి. కొట్టు తీస్తావా, చిలకలూరిపేట పొమ్మంటావా?"

"పేటవాడు నీకు దూదిలో పీచు కలుపుతాడు."

"అందుకేగా అడుగుతున్నా!"

కిటికీలోంచి పంతులు గారు, "లైబ్రరీలో నిశ్శబ్దం పాటించాలి" అన్నారు. ఆయన ముఖం చూస్తే ఆ మాట ఎందుకన్నారో ఆయనకే తెలిసినట్టు లేదు.

మర్నాడు కొట్టు తీశాడు. ఒక్క రోజులో అంతా బాగుపడలేదు. చాలా ఏళ్లు పట్టింది. కానీ రోజూ మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లి, తన కింద ఎవరేం రాశారో చూసుకుని, జవాబు రాసి వచ్చేవాడు. ఊరంతా రాయడం మొదలుపెట్టింది. పంతులు గారు కాగితం కింద కాగితం అంటిస్తూ పోయారు. చివరికి అభిప్రాయాలు పుస్తకం కంటే లావయ్యాయి, అట్ట మూసుకోలేదు. దారం కట్టి ఇచ్చేవారు.

ఒకరోజు, చెయ్యి నొప్పి పుట్టేదాకా వాటన్నిటినీ గుండ్రటి అక్షరాలతో తిరగరాసి, రచయితకి రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. పెద్దవాళ్లకు మన సంగతులు తెలియాలి కదా అన్నారు. నెలన్నరకి జవాబొచ్చింది. అచ్చు వేసిన ఉత్తరం, కింద సంతకం. "మీ ప్రశంసలకు కృతజ్ఞతలు. మీ మాటలు నాకెంతో స్ఫూర్తినిచ్చాయి."

పంతులు గారు దాన్ని కూడా జాగ్రత్తగా వెనక అంటించారు. మా తమ్ముడు చదివి, "పంతులు గారూ, ఈయన చదవకుండా అభిప్రాయం రాశాడు. ఈయనకి మన లైబ్రరీలో ఇంకో పుస్తకం ఇవ్వకండి" అన్నాడు. పంతులు గారు నవ్వితే భుజాలు మాత్రమే కదిలేవి. ఆ రోజు కుర్చీ కూడా కదిలింది.

ఆయన అభిప్రాయం ఏమిటని నేను ఒకసారి అడిగాను. "పుస్తకం మంచిదేనమ్మా. చివరి అధ్యాయం తొందరపడి రాశాడు. లేచినవాళ్లందరూ అక్కడ తొందరపడతారు. తనని ఎవరెవరు లేపారో గుర్తుచేసుకోవడానికి టైం చాలదు" అన్నారు. మా మూట సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. అందులోవి ఏం చేశారో నేనూ అడగలేదు. కృతజ్ఞతలు చెబుదామని రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ పుస్తకం తీసుకుని వచ్చాను. నాకు మాటలు తక్కువ.

రిటైరయ్యాక సొంత పుస్తకాలు అరుగు మీద పెట్టుకుని అదే పద్ధతి నడిపించారు. తమ్ముడు బాకీ పడ్డ అభిప్రాయం వాటిలో ఒకదానికే.

పన్నెండో రోజుకి శయ్యాదానం ఉంటుంది. పోయినవారి పేరున మంచం, పరుపు, దుప్పటి దానమిస్తారు. రెండు రోజుల ముందు పంతులు గారి భార్య మా గుమ్మంలోకి వచ్చారు. "ఒంగోల్లో రెడీమేడ్‌గా దొరుకుతుందని మా అబ్బాయి అంటున్నాడు బాబూ. నాకు మనసొప్పలేదు."

"ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకండమ్మా. నా పరువు పోద్ది" అన్నాడు తమ్ముడు.

కొట్టులో ఇప్పుడు దూది ఏకే మిషన్ ఉంది, ఇద్దరు పనివాళ్లున్నారు. వాళ్లని ఆ రోజు రావద్దన్నాడు. నాన్న దూది ఏకడానికి వాడిన విల్లు తుడిచి, కొత్త నరం కట్టి, ఇంటి ముందు చాప పరుచుకుని కూర్చున్నాడు. పొద్దున్నే మొదలుపెట్టాడు. కాసేపటికి మిరప రైతు వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఒరేయ్, ఇంత మెత్తగా ఏకితే దానం పట్టిన అయ్యవారు తెల్లారినా లేవడురా. ఊళ్లో పూజలాగిపోతాయి."

"ఆగనియ్యి."

అతను దూదిలో నలకలు ఏరడం మొదలుపెట్టాడు.

ఎండ ఎక్కింది. ప్రతి దెబ్బకీ దూది లేచి, గాలిలో కాసేపు నిలిచి, వీధి దాటి ఎదురింటి అరుగు మీదికి పోతోంది. ఇద్దరి జుట్టూ, మీసాలూ, కనురెప్పలూ తెల్లబడ్డాయి. దూరం నుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియడం లేదు. పంతులు గారి భార్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడ భుజం మీద ఒక దూది పింజ వాలింది. ఆవిడ దులుపుకోలేదు.