ఖాట్మండు దారాలు

నేపాల్‌లో రాచరికం పోయిన మరుసటి ఏడాది నేను యాత్రా బస్సెక్కి ఖాట్మండు వెళ్లాను. పశుపతినాథుణ్ణి చూశాను, పోఖరా సరస్సులో పడవెక్కాను. గైడు రాజవంశం మొత్తాన్నీ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెబుతుంటే ఒళ్లు మండింది. రాజుగారి కోటను మ్యూజియం చేశారు. అక్కడ పొడవాటి బల్ల చుట్టూ అన్నీ ఖాళీ కుర్చీలే ఉన్న భోజనాల గదిలో మాత్రం చాలాసేపు నిలబడిపోయాను.

గుడి బయట ఎర్రదారాల కట్ట కొన్నాను. మా గోదావరి వైపు ఎవరైనా యాత్ర చేసి వస్తే వీధి వీధంతా వచ్చి, కాళ్లకు దండం పెట్టి, చేతికి దారం కట్టించుకుంటుంది. ఇప్పుడు నేనుండేది నగరం శివార్లలోని తూంకుంట లేఅవుట్‌లో అనీ, అక్కడ మా ఇంటి చుట్టూ ఉన్నవి ఖాళీ ప్లాట్ల హద్దురాళ్లేననీ, మా ఆయన పోయాక ఆ ఇంట్లో నేనొక్కదాన్నేననీ కొనేటప్పుడు గుర్తు రాలేదు.

తిరిగొచ్చిన రోజు సాయంత్రం పాలు పోసే ఆమె ఒక్కతే వచ్చింది. దారం కట్టించుకుని, మిగిలిన కట్ట వైపు చూసింది.

"గిన్ని ఏం జేస్కుంటవమ్మా? మా బర్రెలకు గూడ కడ్త, ఇయ్యి."

ఇచ్చేశాను.

"గా దేశంల రాజున్నడా?"

"పెద్ద కోటలో ఉండేవాడు. జనమే దించేశారు. ఇప్పుడు మనలాగే ఓట్లు వేసుకుంటున్నారు."

"మంచిగైంది. మరి గంత పెద్ద కోటల ఎవలుంటరు?"

"ఎవరూ ఉండరు. పొద్దున తాళం తీస్తారు, సాయంత్రం వేస్తారు."

పాలు కొలుస్తున్న చెయ్యి ఆగింది. "అయ్యో! మరి మాపటికి దీపమెవలు పెడ్తరు?"

ఆమె వెళ్లాక పాలగిన్నె లోపల పెట్టి, ఇంకా ఎండ ఉండగానే అన్ని గదుల్లోనూ లైట్లు వేశాను.