ఐర్లాండు కంటితో కొన్న పెళ్లిగుర్రం

ఖుర్సీపార్‌లో మంచమ్మీద పడుకుని ఐర్లాండు గుర్రాల వేలంపాటలు చూసేవాణ్ణి, భిలాయ్ మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. గుర్రం ఎక్కింది లేదు, తోమింది లేదు. చేతిలో ఫోనుంది, చాలదూ? అక్కడ ఏడాది వయసు పందెపు గుర్రప్పిల్లల్ని తాడు పట్టుకుని గుండ్రంగా నడిపిస్తుంటే, టోపీల పెద్దమనుషులు తల పంకిస్తూ పాట పెంచుతుంటారు. వాళ్లతోపాటు నేనూ పంకించేవాణ్ణి.

మా ఆవిడకి పందెం మాటంటేనే గిట్టదు. "ఏటండీ ఆ గుర్రప్పందేలు? పాస్టరుగారికి తెలిత్తే ఏటనుకుంతారు?" అంది ఒకసారి.

"పందేలేటే! పూర్వం ఐర్లాండులో ఒక చర్చి శిఖరం నుంచి ఇంకో చర్చి శిఖరం దాకా, గోడలూ కాలవలూ దూకించి పరిగెత్తించేవారు. ఇది మన చర్చి సంగతే," అన్నాను. ఆవిడ చూసిన చూపుకి సిగ్గుపడాల్సింది. నేను సౌండు తగ్గించుకున్నాను.

ఇంతలో మా బావమరిదికి ప్లాంటులో కాంట్రాక్టు పని పోయింది. ఉన్నదంతా పెట్టి తెల్లగుర్రం ఒకటి కొని, బరాత్‌లకు, అంటే ఇక్కడి పెళ్లికొడుకుల ఊరేగింపులకు, తిప్పుకుని బతుకుదామనుకున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు. పెళ్లిళ్ల సీజను దగ్గరికొచ్చేసింది. "బావా, నీకు గుర్రాలు తెల్సు గదా. నువ్వు రాకపోతే నాను కొనను," అన్నాడు. నా ఛాతీ ఉబ్బిపోయింది.

దుర్గ్ అవతల ఒక వ్యాపారి దగ్గర రెండు ఆడగుర్రాలున్నాయి. మొదటిది వెనక్కాలు ఒకటి వాల్చి, కళ్లు సగం మూసి, ఈగల్ని కూడా తోలుకోకుండా నిలబడింది. "బహుత్ సీధీ హై, భయ్యా," అన్నాడు వ్యాపారి. చాలా సాధువట! నడిపించమంటే నాలుగడుగులేసి ఆగింది. ఛీ, అన్నాను. రెండోదాన్ని నడిపిస్తే, అబ్బ, ముందుకాలి గుర్తు దాటి వెనక్కాలు పడుతోంది! ఐర్లాండు పెద్దలు వెతికేది సరిగ్గా ఆ నడకే. "ఇదేరా!" అని అరిచాను. అక్కడ బేరం కుదిరితే అరచేతిలో ఉమ్ముకుని చేతులు కలిపేవారని చెప్పి, నా చేతిలో ఉమ్ముకున్నాను కూడా. వ్యాపారి నమస్కారం పెట్టి దూరం జరిగాడు.

మొదటి బరాత్ మరోదా అనే పేటలో. పెళ్లిగుర్రం పని నడవడం కాదు, నిలబడడమని ఆ రోజు దాకా నా బుర్రకు తట్టలేదు. బ్యాండు మొదలైంది. స్నేహితులంతా రోడ్డు మధ్యన డాన్సు మొదలెట్టారు. మా గుర్రం పెళ్లికొడుకుని మోసుకుంటూ వాళ్లని పక్కనుంచి దాటేసి, ఆ దివ్యమైన నడకతో సాగిపోయింది. కళ్లేనికి వేలాడుతూ బావమరిది, వెనక రొప్పుతూ నేను. పెళ్లికూతురి ఇంటికి చేరేసరికి అక్కడింకా కుర్చీలు వేస్తున్నారు. ఇక్కడి ఆచారం ప్రకారం కత్తి పట్టుకుని ఒంటరిగా దిగిన అల్లుణ్ణి చూసి మామగారు, "బరాత్ కహాఁ హై?" అన్నాడు, ఊరేగింపేదని. బ్యాండు చప్పుడైనా వినబడడం లేదు. ఆ కబురు పాకి, ముందే మాట్లాడుకున్నవాళ్లు కూడా మాకొద్దనేశారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్లల నోటికాడ కూడు నేనే తీసేశానని అన్నం సయించలేదు. మర్నాడు బావమరిది గుమ్మంలోకొచ్చాడు. తిడితే పడదామని నిలబడ్డాను.

"పద బావా. వ్యాపారి గుర్రాన్ని మార్చిత్తానన్నాడు. కొత్తవి సాలా వొచ్చినాయంట. నువ్వు రాకపోతే అవ్వదు."

"ఇంకా నన్ను నమ్ముతున్నావేట్రా?" అన్నాను.

"నమ్మకపోతే ఎలాగ బావా? నువ్వు దేన్ని సూసి ఛీ అంతావో, దాన్నే తోలుకొచ్చేత్తాను."