మా అత్త ఎక్కిన పడవ

పడవ మునిగింది మా అత్త వల్ల కాదు. ఆ మాట అప్పుడు మా ఇంటి అరుగు మీద నిలబడి చెప్పాను, ఇప్పుడు కాగితం మీద కూడా చెబుతున్నాను. అప్పుడు విన్నవాళ్లు నన్ను నోరుగల పిల్ల అన్నారు. నోరు లేకపోతే ఆడదాని గతి ఏమవుతుందో మా అత్తను చూసి నేర్చుకున్నదాన్ని కాబట్టి, నాకా మాట పొగడ్తలాగే వినిపించింది.

మాది మార్కాపురంలో ఇనుప సామాన్ల దుకాణం. రాష్ట్రానికి ఆంధ్రప్రదేశ్ అని కొత్తగా పేరు పెట్టుకున్న రోజులు. మేమప్పుడు కర్నూలు జిల్లా వాళ్లం. పెదనాయన, నాయన కలిసి దుకాణం నడిపేవాళ్లు. పెద్దరికం పెదనాయనది, చాకిరీ నాయనది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది మా మేనత్త, వాళ్లిద్దరికీ చెల్లెలు. ఆమెను కనిగిరిలో ఇచ్చారు. కాపురం కుదురుకోకముందే మొగుడు పోతే తెల్లచీర కట్టి పుట్టింటికి పంపేశారు. అప్పటి నుంచి మా ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆమే, ఆర్పేది ఆమే. ఇంట్లో శుభకార్యమైతే మాత్రం వంటింటి గడప దాటి వచ్చేది కాదు.

మా నాయనకు ఒక్కటే సరదా, నీళ్లు. బిందెడు నీళ్లకు బావి దగ్గర కొట్లాడుకునే ఊళ్లో పుట్టిన మనిషికి అంతకంటే పిచ్చి సరదా ఉండదు. కంభం చెరువు దగ్గర ఉండే ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వెళ్లిపోతూ తన షికారు పడవను వదిలించుకుంటాననగానే నాయన ఎగిరి గంతేసి తెచ్చుకున్నాడు. ఊరంతా నవ్వింది. మేకులు కొనడానికి వచ్చిన దొనకొండ వాళ్లు కూడా, "ఏం సావుకారీ, బేస్తవారిపేటకు పడవ మీదనే పోతాండావంట" అని వేళాకోళం చేసేవాళ్లు. నాయన నవ్వి మేకులు తూచేవాడు.

నలుగురు పట్టే చిన్న పడవ అది. రెండు తెడ్లు, అడుగున ఊరే నీళ్లను తోడి బయటికి పోయడానికి ఒక ఇత్తడి చేతిపంపు. నాయన దాన్ని ఎండాకాలమంతా చెరువుగట్టు మీద బోర్లించి ఉంచాడు, బాగా ఎండితే కొయ్య గట్టిపడుతుందని. మెట్టవాళ్ల బుద్ధి అంతే. తడి తగిలితే ఏదైనా చెడుతుందనీ, ఎండలో పెడితే ఏదైనా నిలుస్తుందనీ మా నమ్మకం. వానలు పడి చెరువు నిండాక ఒక ఆదివారం అందరం రైలెక్కి కంభం పోయాం, పడవను నీళ్లలోకి దించడానికి.

దించే ముందు పూజ. అది పెదనాయన పని. పడవ ముక్కుకు పసుపు రాసి కుంకుమ పెట్టాడు. తెడ్లకు పెట్టాడు, పంపు పిడికి కూడా పెట్టాడు. బండికైనా, తక్కెడకైనా, ఇనప్పెట్టెకైనా మా ఇంట్లో అదే మర్యాద. పడవ అంచు మీదనే టెంకాయ కొట్టాడు. బంతిపూలు దూసి చల్లాడు. పళ్లెంలో ఉన్న అక్షింతలు దోసిళ్లతో తీసి పడవ నిండా పోశాడు. అత్త ఇదంతా దూరంగా తుమ్మచెట్టు కింద, అన్నం క్యారియర్ల దగ్గర నిలబడి చూసింది. పూజ అయ్యేదాకా దగ్గరికి రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండా పెంచారు.

మొదటి విడత పెదనాయన ఎక్కి, ఒడ్డు పక్కనే కాస్త తిరిగి దిగాడు. రెండో విడతకు నాయన, నేను ఎక్కాం. నాయన తుమ్మచెట్టు వైపు చూసి, నువ్వూ రామ్మా అని అత్తను పిలిచాడు. ఆమె పెదనాయన ముఖం చూసింది, తర్వాత చెరువు చూసింది. వచ్చి ఎక్కింది. నీళ్లలో చెయ్యి పెట్టి చిన్నపిల్లలాగా నవ్వింది. ఆమె పళ్లన్నీ కనబడేలా నవ్వడం నేనదే మొదటిసారి చూడడం.

లోతుకు పోయేసరికి మా పాదాలు తడిశాయి. నాయన పంపు పిడి పట్టి పైకీ కిందికీ కొట్టాడు. పిడి తేలిగ్గా ఆడింది, నీటిచుక్క రాలేదు. చీలమండల దాకా నీళ్లొచ్చాయి. నేనూ అత్తా చెంబుతోనూ దోసిళ్లతోనూ తోడాం, నాయన పిచ్చిపట్టినట్టు తెడ్లు వేశాడు. ఒడ్డుకు కాస్త ఇవతలే పడవ మెల్లగా బురదలో కూర్చుంది. మోకాటి లోతులో నడిచి బయటపడ్డాం. ఎవరికీ ఏమీ కాలేదు. ఒడ్డు మీద పెదనాయన మాత్రం ముఖం ముడుచుకుని అందరికీ వినబడేట్టు అన్నాడు.

"నేను ఎక్కినప్పుడు బాగుండె. తెల్లచీర కాలు పెట్టె, పడవ కూలబడె."

అత్త చీరకొంగు పిండుకుంటూ తల దించుకుంది. నాయన వినబడనట్టు తెడ్లు ఏరుకున్నాడు. ఆ రోజు నాకు పెదనాయన మీద కంటే నాయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. పిలిచి ఎక్కించుకున్నవాడు ఆయనే గదా.

మాట అక్కడితో ఆగలేదు. ఆ వారం దుకాణంలో ఏ బేరం తప్పినా పెదనాయనకు పడవే గుర్తొచ్చేది. చివరికి, అత్తను కనిగిరిలో ఆమె మరిది ఇంటికి పంపేద్దామనీ, అదే ఆమె అసలు ఇల్లనీ తేల్చాడు. ఆ ఇంట్లో ఆమెకు దక్కేది ఒక మూల, ఒక కంచం, రోజంతా సాధింపులు. అది మాకందరికీ తెలుసు. అమావాస్య వెళ్లాక పంపుదామన్నారు. అత్త తన ట్రంకుపెట్టె తుడుచుకుంది. ఆ పెట్టెను చూడగానే నా ఒళ్లు మండింది.

పంపును నాయన పడవ నుంచి ఊడదీసి, గోనెసంచిలో తెచ్చి, దుకాణం వెనక పాత ఇనుములో పడేశాడు. నేను దాన్ని పెరట్లోకి ఈడ్చుకొచ్చాను. దుకాణం నుంచి ఒక పానా తెచ్చాను. అత్తను కూర్చోమన్నాను. నేను ముట్టుకుంటే మళ్లీ ఏమవుతుందో అంది. ఇంకా మునగడానికి ఏముంది, ముట్టుకో అన్నాను.

పిడి లాగి చూశాం. ఏ బరువూ లేకుండా వస్తోంది. అత్తకు వెంటనే అర్థమైంది. ఇంట్లో కిరసనాయిలు స్టవ్వుకు రోజూ గాలి కొట్టేది ఆమే. తోలు వాషరు ఎండితే స్టవ్వు కూడా అట్లాగే ఉత్తినే ఆడుతుంది. విప్పి చూస్తే పంపు వాషరు ఎండి, ముడుచుకుని, గొట్టానికి అంటకుండా ఉంది. ఆముదంలో నానవేశాం. మర్నాటికి మెత్తబడి విచ్చుకుంది. మళ్లీ బిగించి, పంపును నీళ్ల తొట్టిలో నిలబెట్టాం. పంపు నుంచి పడే నీళ్లు పట్టుకోవడానికి పక్కన ఇంకో తొట్టి పెట్టాం. మార్కాపురంలో పరీక్ష కోసం నీళ్లు పారబోసేంత ధైర్యం నాక్కూడా లేదు.

ఈసారి పిడి బరువుగా లేచింది. నీళ్లు గొట్టంలో సగం దాకా వచ్చి, గుడగుడమని మళ్లీ కిందికే జారిపోయాయి. ఎన్నిసార్లు కొట్టినా అంతే. నేను పానా విసిరికొట్టాను. అత్త పానా తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, ఎక్కిన నీళ్లు దిగిపోతున్నాయంటే అడుగున మూత మూసుకోవడం లేదు, అడుగు విప్పు అంది. అడుగున జల్లెడ ఉంది. దానికి బంతిపూల రేకులు నల్లబడి అంటుకుని ఉన్నాయి. జల్లెడకు ఒక పక్క గింజ దూరేంత చిల్లు. దాని పైన నీళ్లు కిందికి పోకుండా మూసుకోవాల్సిన తోలు మూత. ఆ మూతకు టెంకాయ పీచు చుట్టుకుని ఉంది. మూతకూ దాని గూటికీ మధ్య, నాని ఉబ్బిన బియ్యపు గింజలు, పసుపుపచ్చగా.

అత్త వాటిని వేలితో తీసి అరచేతిలో పెట్టుకుంది. తర్వాత నిదానంగా అంది.

"ఇవి నేను ఏసినవి కాదు గదా అమ్మీ. నన్ను దగ్గరికే రానీలేదు గదా."

ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. ముక్కుపుటాలు అదిరాయి. మా అత్తకు కోపం వస్తే అట్లా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

అక్షింతలూ పీచూ పూరేకులూ ఒక పళ్లెంలో పెట్టుకుని అరుగు మీదికి పోయాను. పెదనాయన, నాయన, ఇరుగుపొరుగు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. పళ్లెం వాళ్ల మధ్య పెట్టి అంతా చెప్పాను. కొయ్య ఎండి సందులు విచ్చాయి. తోలు ఎండింది. పంపు గొంతులో ఇవి అడ్డం పడ్డాయి. ఈ మూడిట్లో ఒక్కటీ తెల్లచీర కట్టుకోలేదు అన్నాను. పడవ మునిగింది మా అత్త వల్ల కాదు అన్నాను. అక్షింతల మీద నింద వేస్తావా అని పెదనాయన కళ్లెర్ర చేశాడు. అక్షింతల మీద కాదు, చల్లిన చేతి మీద అన్నాను. అందరికీ శకునం చెప్పే బల్లి తానే పోయి కుడితిలో పడిందని కూడా అన్నాను. కొట్టడానికి లేచాడు. నాయన మధ్యకు వచ్చాడు.

నాయన ఆ గింజలను వేళ్లతో నలిపి చూశాడు. అన్న ఎదుట నాయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు. "ఆదివారం మళ్లీ కంభం పోతాండాం. చెల్లెలు వస్తాది. ఆ పడవ తేలితే చెల్లెలు యాడికీ పోదు" అన్నాడు. మునిగితే అని పెదనాయన అడిగాడు. నాయన నలిపిన గింజలను పళ్లెంలో రాల్చి లోపలికి పోయాడు.

ఎండకు విచ్చిన బండిచక్రాన్ని నీళ్లలో వేస్తే బిగుస్తుంది గదా, పడవదీ కొయ్యే గదా అని అత్త అంది. నాయన ముందుగానే పోయి, పడవను ఒడ్డు దగ్గర నీళ్లలో ముంచి, రాళ్లు పెట్టి వచ్చాడు. ఆదివారం మేం పోయేసరికి పలకలు ఉబ్బి ఒకదానికొకటి కరుచుకుని ఉన్నాయి. నాయన నీళ్లు తోడేసి పంపు బిగించాడు. పెదనాయన పసుపు, కుంకుమ, అక్షింతల పళ్లెంతో ముందుకొచ్చాడు. తుమ్మచెట్టు కింద నుంచి అత్త నడిచి వచ్చి ఆయనకు అడ్డం నిలబడింది.

"పళ్లెం ఆడనే పెట్టు పెద్దన్నా. ముందు నేనెక్కుతా."

ఎక్కి పంపు పక్కన కూర్చుంది. మేమిద్దరం తర్వాత ఎక్కాం. ఒడ్డు వదిలాం. లోతుకు పోయాక అడుగున కొంచెం నీళ్లు ఊరాయి, ఏ పడవలోనైనా ఊరేటన్ని. అత్త పిడి పట్టుకుని కొట్టింది. ఒకసారి గుడగుడలాడి, తర్వాత నీళ్లు గొట్టం నిండా దూకి చెరువులో పడ్డాయి. మళ్లీ కొట్టింది, మళ్లీ పడ్డాయి. అడుగు పొడిబారినా ఆపలేదు. చాలమ్మా అని నాయన నవ్వుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. మేం చెరువంతా తిరిగి పొద్దువాలేటప్పుడు ఒడ్డుకొచ్చాం. పెదనాయన అప్పటికే రైలుకని వెళ్లిపోయాడు.

మరునాడు ఉదయం. పెదనాయన దుకాణానికి బయలుదేరే వేళకు అత్త ఎప్పుడూ వంటింటి తలుపు చాటున ఉండేది, ఎదురుపడి బేరం చెడగొట్టకూడదని. ఆ రోజు వీధి గడప ముందు ముగ్గు వేస్తూ కూర్చుంది. పెదనాయన చెప్పులు వేసుకుని వచ్చాడు, చూశాడు. ఆచారం ప్రకారం వెనక్కి తిరిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చాడు. ఆమె లేవలేదు. రెండో మాటు కూడా పోయి నీళ్లు తాగి వచ్చాడు. ముగ్గు ఎప్పుడో అయిపోయింది. ఆమె అక్కడే గడపకు ఆనుకుని నిలబడి ఉంది. వంటింట్లో నుంచి నేను చూస్తున్నాను.

"పొద్దు పోతాంది పెద్దన్నా" అంది అత్త. "నేను ఈ ఇంట్లోనే ఉంటా. రోజూ ఎన్నిసార్లని తాగుతావు నీళ్లు?"