ఊపిరికి పేర్లు నేర్పిన నరసింహప్ప అయివారు

ఆయన మా అరుగు మీద కూర్చుని చాలాసేపయింది. నేనిచ్చిన చెంబెడు నీళ్లూ తాగారు. అయినా ఆయన రొమ్ము ఇంకా ఎగసిపడుతూనే ఉంది. ఒక్క వాక్యాన్ని మూడు ముక్కలుగా చెబుతున్నారు. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

అది జరిగిన తొమ్మిదో రోజున, ఈ గురువారం మధ్యాహ్నం, మా నరసింహప్ప అయివారు కన్నుమూశారు. కర్ణాటకలో పావగడ తాలూకా వై.ఎన్.హొసకోట హైస్కూల్లో ఏళ్ల తరబడి ఇంగ్లీషు చెప్పి, రిటైరయ్యాక మా ఊళ్లోనే శెనక్కాయలు పండిస్తూ, నా ఇద్దరు పిల్లలకూ అక్షరాలు దిద్దించిన మనిషి. కన్నడ బడిలో చదివిన నాకు తెలుగు రాయడం నేర్పిందీ ఆయనే. ఆయన దిద్దించిన చేతితోనే ఆయన గురించి ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా పాఠంలో ‘ప్యాంట్’ అనే క్రియ వచ్చింది. అయివారు అర్థం చెప్పలేదు. అందరినీ బయటికి తీసుకుపోయి గుట్ట దాకా పరుగెత్తించారు. పంచె ఎగగట్టి తానూ పరుగెత్తారు. తిరిగొచ్చి అందరం ఎగపోస్తూ నిలబడితే, గంగప్ప అనే కోణంగి ఊరుకుంటాడా?

“పంచె కట్టినోళ్లకు ప్యాంట్ యాడ వస్తాది సార్?”

“వచ్చినాది... చూడప్పా... పంచెలోనే వచ్చినాది,” అన్నారాయన, ఊపిరి అందక నవ్వుతూ.

తరువాత బోర్డు దగ్గర నిలబడి ఒక్కో వాడుకా విప్పి చెప్పారు. కన్నడంలో ఏదుసిరు, మన మాటలో ఎగపోత. ఎండలో కుక్క నాలుక చాచి చేసేదీ అదే. దేనికోసమైనా ప్రాణం కొట్టుకులాడినా ఇంగ్లీషువాళ్లు ఆ మాటే వాడతారట. “నీళ్ల కోసం మన తాలూకా అంతా ప్యాంట్ చేస్తా ఉండాది. రాసుకోండి, వాక్యం,” అన్నారు. అది వరుసగా వానలు ఎగ్గొట్టిన కాలం. ఎవరమూ నవ్వలేదు. చివర ఇంకో మాట అన్నారు: “మనం నిలబడితే నిలిచే ఎగపోతకే ఈ మాట. నిలబడినా నిలవకపోతే అది జబ్బు. దానికి వేరే మాటలుండాయి.”

మా ఊళ్లో కాయలు ఒలిచే చేతిమిషన్ ఆయన ఇంట్లోనే ఉండేది. విత్తే ముందు ఊరంతా మూటలు మోసుకుని అక్కడికే చేరేది. పప్పు చీలితే మొలక రాదని, ఆయన మిషన్ పిడి ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. పొట్టు ధూళిలో కనుబొమలు కూడా ఎర్రబడి, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అక్కడే. పని అయ్యాక అందరూ బెల్లంగడ్డ నోట్లో వేసుకోవడం మా వైపు వాడుక. గొంతులో దుమ్ము బెల్లంతో దిగిపోతుందని నమ్మకం. రోజూ మైళ్ల దూరం నుంచి నీళ్లు మోసే ఊరు మాది. ఎవరైనా ఎగపోస్తూ కనిపిస్తే అలసట అనుకుంటాం తప్ప జబ్బనుకోం.

ఆ రోజు అరుగు మీద నేను అడిగాను. “ఏంది సార్, ఇంతసేపు కూసున్నా నిలవలేదే? మీరే కదా చెప్పినారు, నిలవకపోతే జబ్బని?”

“నా పాఠం... నాకే ఒప్పజెప్తావా పాపా? దుమ్ము పోయింది లోపలికి... ఇంత బెల్లం పెట్టు.”

పెట్టాను. బి.ఏ. చదివిన దాన్ని, బెల్లమే పెట్టాను.

“పావగడ ఆస్పత్రికి పోదాం సార్. మా ఆయన్ని తోడు పంపిస్తా.”

“ఇంకా పదిండ్ల కాయలుండాయి. మీవీ ఉండాయి కదా? వాన పడేలోగా ఒలవాల. ఆమీద పోదాంలే.”

‘మీవీ’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

గురువారం ఆయన పొట్టు కుప్పకు ఆనుకుని కూర్చుంటే, అలుపు తీర్చుకుంటున్నారనే అనుకున్నారట అందరూ. ఆయన భార్య చెన్నమ్మక్క మజ్జిగ తెచ్చి పిలిస్తే పలకలేదు. హొసకోట బస్సు వచ్చేలోపే అంతా అయిపోయింది. నేను పోయేసరికి మా మూటలు, ఒలిచి మూతులు కట్టినవి, గోడవారగా ఉన్నాయి. వాన ఇంతవరకూ రాలేదు. వచ్చే గుర్తూ లేదు.

ఇంకెవరో మిషన్ తిప్పుతారు, ఇంకెవరో ఇంగ్లీషు చెబుతారు. ఒక మాట అర్థం తెలియాలని పిల్లలతో పాటు ఎండలో పరుగెత్తే గురువు మాత్రం మా పిల్లలకు ఇక దొరకడు. ఆయన పాదాలకు నా నమస్కారం తప్ప ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. క్షమాపణ అడుగుదామంటే వినేవారు లేరు.

ఆయన పోయిన మరునాడు పొద్దున మా చిన్నవాడు అడిగాడు, “అయివారికి ఆయాసం తగ్గినాక వస్తాడా అమ్మా?”

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. “రాడు నాయనా. చచ్చిపోయినాడు. ఆయనకు జబ్బని నాకు ముందే తెలిసింది. ఆస్పత్రికి పోదామని ఒకసారి అన్నా. రెండోసారి అనలేదు.”

“ఎందుకనలేదు?” అంది పెద్దది.

“మన కాయలు ఇంకా ఒలవలేదని,” అని చెప్పాను.