ఓబులమ్మ నడుము ఎక్స్‌రే

పంతొమ్మిది వందల ఎనభైల మొదట్లో, ముదిగుబ్బలో ఓబులమ్మ కోడలితో పెట్టుకున్న పెద్ద గొడవ ఉట్టి గురించి. పెరుగు కుండ చేతికి అందకపోయేసరికి కోడలు సుంకమ్మే తాడు బిగించి పైకి కట్టిందని తీర్మానించింది.

"నాకు పెరుగు దక్కగూడదని ఎత్తి కట్టినావు గదే!"

"ముడి చూడత్తా, పొగబట్టి నల్లగుండాది. దాన్ని ముట్టినోళ్ళెవురు? ఉట్టి పైకి పోలా, నువ్వే కిందికొస్తాండావు."

అంతకుముందు చెనక్కాయల మూట ఎత్తుతుంటే ఓబులమ్మ నడుములో కలుక్కుమంది. ఆముదం రాయించుకుని మళ్ళీ చేనికే పోయింది. ముట్లుడిగిన ఆడదానికి వీపు వంగక నిగుడుతుందా అని ఊరంతా అనేది, తనూ అనేది.

సుంకమ్మ కాన్పుకు పోయినప్పుడు డాక్టరమ్మ మాట విని వచ్చింది: ఈ వయసులో ఆడవాళ్ళ ఎముకలు లోపల్లోపలే డొల్లబడతాయట, అది తెలియక జారిపడితే ఇక మంచమేనట. అది పట్టుకుని, అత్తనూ మామ తిప్పన్ననూ అనంతపురం బస్సెక్కించింది.

ఎక్స్‌రే గదిలో మనిషి, "మెడలోవన్నీ తీయమ్మా" అన్నాడు.

"నా మొగుడు గుండ్రాయి మాదిరి ఉండాడు. ఎవుడు సచ్చినాడని తీయాల?"

"తీయ్యే, నాకేం కాదులే" అన్నాడు తిప్పన్న.

"నువ్వు నోర్మూసుకో. నీ కోసమే గదా ఈ మొత్తుకోలు!"

"రోజూ ఎవరో ఒకరు ఇట్లే తిరిగిపోతారు" అన్నాడు ఎక్స్‌రే మనిషి.

ఓబులమ్మ కూడా గుమ్మం దాటేసింది. సుంకమ్మ అంగడికి పరుగెత్తి పసుపు కొమ్ము తెచ్చి, దారానికి కట్టి మామ చేతిలో పెట్టింది. తాళి మార్చేటప్పుడు చేసే పనే అది. కోపంలో తనకు తోచలేదు, కోడలికి తోచిందే అని ఓబులమ్మకు మంట. వరండాలో జనం చూస్తుండగానే తిప్పన్న ముడి వేశాడు.

"ఏమన్నా, రెండో పెండ్లా?" అన్నారెవరో.

"ఈమెతోనే, అదే నా కర్మ."

అప్పుడు తాళి తీసి కోడలి చేతికిచ్చింది. "పడేసినావంటే నీ ఎముకలిరగ్గొడతా."

వెన్నులో ఒక ఎముక అప్పటికే కుంగిపోయిందని చెప్పాడు డాక్టరు. ఆ కలుక్కుమన్నది బెణుకు కాదు. మాత్రలు మింగాలి, బరువులెత్తకూడదు.

"బిందె?"

"బిందె కూడా."

తిరుగు బస్సు బత్తలపల్లి దాటాక ఓబులమ్మ కోడలి వైపు తిరిగింది.

"రేపట్నుంచి నీళ్ళు నువ్వే మోయాల. నేను ఉత్త చేతుల్తో ముందర నడుస్తా. ఎవురన్నా అడిగితే, అత్త పని నేర్పిస్తాందని చెప్పు."