పద్నాలుగు, పదిహేను పోర్టుల మధ్య కేబుల్

ఐదేళ్ళలో ఆరు ఉత్తరాలు రాశాను. నాలుగు ఇంగ్లీషులో, రెండు తమిళంలో. ఒకటి ప్రిన్సిపాల్‌కి, రెండు పరీక్షల ఆఫీసుకి, మిగిలిన మూడూ మా ప్రాజెక్టు గైడ్‌కే. ఇన్నిటికీ కలిపి వచ్చింది ఒక్క జవాబు, "మీ వినతి అందింది" అని. అది కంప్యూటర్ తనంతట తాను పంపేది. అలాంటివి ఎలా అమర్చాలో ఆ కాలేజీలోనే నాకు నేర్పించారు, కాబట్టి దాన్ని జవాబుగా లెక్కపెట్టను.

ఏడోది తెలుగులో రాస్తున్నాను. కాలేజీ కాగితాల మీద ఉన్నదంతా ఇంగ్లీషు. కానీ నాకు ఆజ్ఞ ఇచ్చిందీ, నన్ను ఒప్పించిందీ తెలుగులో. ఏ కాగితం మీదికీ ఎక్కని ఆ మాటల్ని అవి పుట్టిన భాషలోనే ముందు పెడదామని నా పట్టుదల. తమిళనాడులో మా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళలో చదవగలిగేవాళ్ళు తక్కువ. నేను కూడా ఇరవై దాటాక, హాస్టల్లో నెల్లూరు నుంచి వచ్చిన రూమ్మేటు దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాణ్ణే. మా గైడ్‌కి ఇది చదవడం రాదని తెలుసు. ఎవరి చేతనైనా చదివించుకోనివ్వండి. పక్కన ఇంకో మనిషి వింటాడు, అంతే కదా.

మాది మదురైకి దక్షిణాన నల్లరేగడి నేల. మిరప, పత్తి, వాన కుదిరితే మొక్కజొన్న. కాలేజీ ఉన్న కోయంబత్తూరు వాళ్ళదీ మా తెలుగే. అయితే వాళ్ళు పొలం గట్టు దిగి రెండు తరాలైంది. మోటారు పంపులు, నూలు మిల్లులు, ఫౌండ్రీలు వాళ్ళవి. కంప్యూటర్, నెట్‌వర్క్ ఇంజనీరింగులో చేరిన మొదటి వారం, ఒక ఫౌండ్రీ యజమాని కొడుకు నా మాట విని, "నువ్వు మాట్లాడతా ఉంటే నల్లమన్ను రాలతాది రా, కింద చూసుకో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నది కిటికీ వైపు మూడో బెంచీ. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. నాలుగో ఏడు ప్రాజెక్టులో అతన్నే నా జతకు వేశారు.

గైడ్ మొదటిరోజే నా ఇంటిపేరు అడిగారు. తమిళనాడులో అందరం పేరు ముందు ఒక్క అక్షరంతో సరిపెట్టుకుంటాం కాబట్టి అడిగితే తప్ప తెలియదు. చెప్పాను. ఆయనదీ అదే. అంటే మేము దాయాదులం, మా మాటలో పంగాళీలం. ఆయన నాకు చిన్నైన వరస, అంటే నాన్నకు తమ్ముడు. ఆ రోజు నుంచి క్లాసులో సార్, బయట చిన్నైనా. నాకు గర్వంగా ఉండేదని ఒప్పుకుంటాను. మా నైనాకి ఫోను చేసి చెప్పాను. ఆయన బస్సులో ఎండుమిరప మూట వేసుకుని వచ్చాడు. గైడ్ మూటను కారు డిక్కీలో పెట్టించారు. మా నైనాని వరండాలో నిలబెట్టే మాట్లాడి పంపించారు. అదే వారం ఫౌండ్రీ యజమాని వస్తే గదిలో కుర్చీ వేసి కాఫీ తెప్పించారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

మా ప్రాజెక్టు రెండు కంప్యూటర్ ల్యాబులకు నెట్‌వర్క్ కొత్తగా కట్టడం. విద్యార్థులవి, అధ్యాపకులవి, పరీక్షలవి, మూడు దారులు ఒకే కేబుళ్ళ మీద నడుస్తూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఆ ప్లాను నాది. కేబుళ్ళ కొసలు ఒలిచి, ఎనిమిది తీగలూ రంగుల వరసలో పెట్టి కనెక్టరులో నొక్కింది నేను. మూడు వారాలు వేలికొసలు మండేవి. నా జత చేసింది నివేదికకు అట్ట వేయించడం, బంగారు అక్షరాలతో.

కేబుళ్ళన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్ అంటారు, కేబుల్ గుచ్చే దాని రంధ్రాలు పోర్టులు. ఒక కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే, వచ్చిన సమాచారం అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది, తిరిగినకొద్దీ పెరుగుతుంది. కొన్ని క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తం బిగుసుకుపోతుంది. దాన్ని లూప్ అంటారు. అది రాకుండా కాపలా కాసే ఏర్పాటు స్విచ్‌లోనే ఉంటుంది. దానివల్ల ఒక ఇబ్బంది: కంప్యూటర్ తగిలించాక అరనిమిషం ఆగాలి. ప్రాజెక్టు పరీక్షకు రెండు రోజుల ముందు గైడ్ అది చూసి విసుక్కున్నారు.

"ఎగ్జామినర్ ముందర అరనిమిషం చేతులు కట్టుకోని నిలబడతామా? దాన్ని తీసేయి."

అది వద్దన్నాను. పోర్టు పోర్టుకీ విడిగా సరిచేసే పద్ధతి ఉందనీ, ఒక పూట పని అనీ చెప్పాను.

"పూట ఎవరి దగ్గర ఉండాది? నేను చెప్తా ఉండాను కదా."

తీసేశాను. ఆ ఆజ్ఞ నా లాగిన్‌తో ఎక్కింది. తీసేయమన్నది ఎవరో స్విచ్ రాసుకోదు.

పరీక్షరోజు నేను తెర దగ్గర నిలబడి ఎగ్జామినర్‌కి వివరిస్తున్నాను. గది వెనక, స్విచ్ పక్కన నా జత ఉన్నాడు. పద్నాలుగో పోర్టు నుంచి ఒక కేబుల్ వేలాడుతూ కనబడిందట. రెండో కొస తీసుకెళ్ళి పదిహేనులో గుచ్చాడు. కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. పరుగెత్తి వెళ్ళి ఆ కేబుల్ పీకింది నేనే. "ఊరికే వేలాడతా ఉండె, చూసేదానికి బాగలేదని గుచ్చినాను" అన్నాడు, జుట్టు సర్దుకుంటూ. గైడ్ మా ఇద్దరి మధ్యే నిలబడి ఉన్నారు. ఎగ్జామినర్ దీనికి బాధ్యుడెవరో రాసి ఇవ్వమని అడిగి టీకి వెళ్ళిపోయాడు.

గైడ్ నన్ను మంచినీళ్ళ ఫిల్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు.

"వాడి పేరు రాస్తే ఏమంటారు? పంగాళిని కాపాడేదానికి పరాయోడి మీద తోసినాననే కదా. నువ్వు మనోడు. నువ్వే విట్టుకొడు."

వదులుకోమని. ఆ తమిళ మాట మా ఇళ్ళలో తెలుగు మాటకన్నా లోతుగా పాతుకుపోయింది. దాని వెనక ఒక ఆచారం ఉంది. మా ఊళ్ళలో గట్టు తగాదా వస్తే, తీర్పు చెప్పే పెద్దమనిషి ముందు తన వాడినే తగ్గమంటాడు. తగ్గినవాడి పరువు ఆ తర్వాత ఆయన బాధ్యత. నలుగురిలో చెప్తాడు, ఇతను తప్పు లేకుండానే తగ్గాడు అని. ఆ రెండో సగం కూడా ఉంటుందని నేను నమ్మాను.

"నేను స్క్రీన్ దగ్గర ఉంటిని, చిన్నైనా. మీరు చూసినారు."

"చూసినాను. చూసినందుకే నిన్ను అడుగుతా ఉండాను. వాణ్ణి అడగలేను కదా."

సరి అన్నాను. చిన్నైన మొహం మీద కాదనడం మాకు చిన్నప్పటి నుంచీ రాదు. నా తప్పంటూ ఉంటే ఆ ఒక్క మాటే. దాన్ని ఎవరి మీదికీ నెట్టను.

ఆయన రాసిన కాగితం నకలు ఫలితాలొచ్చిన నెలకు, పరీక్షల ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగితే చేతికొచ్చింది. అందులో రెండు వాక్యాలు. నిర్లక్ష్యంగా కేబుల్ తగిలించింది నేనని ఒకటి. అది నేను ఒప్పుకున్నదే. రెండోది, లూప్ కాపలాను అనుమతి లేకుండా తీసేసింది నేనని. అది నన్ను ఎవరూ అడగలేదు, నేను వదులుకోలేదు. ఆ వాక్యం చదివాకే ఫిల్టర్ దగ్గర ఆయన ఎవరిని కాపాడుకుంటున్నారో అర్థమైంది. ఫౌండ్రీ వాళ్ళ అబ్బాయిని కాదు. పరాయివాడి పేరు రాస్తే ఆ కుర్రాడి తండ్రి ఊరుకోడు, విచారణ జరుగుతుంది, కాపలా తీసేయమన్నది ఎవరో బయటపడుతుంది. పంగాళి అయితే అడగడు.

ఇప్పుడు సూలూరు దగ్గర ఒక మిల్లులో నెట్‌వర్క్ చూస్తున్నాను. ఆ ఉద్యోగం మీద నాకు ఫిర్యాదు లేదు. అదే యూనివర్సిటీలో పై చదువుకు రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. రెండుసార్లూ ఇంటర్వ్యూలో ఫైలు తెరిచి ఆ రెండో వాక్యం మీద వేలు పెట్టారు. అనుమతి లేకుండా రక్షణ తీసేసేవాడికి నెట్‌వర్క్ ల్యాబు ఎలా అప్పగిస్తామని అడిగారు. వాళ్ళ స్థానంలో నేనున్నా అలాగే అడుగుతాను. మూడో దరఖాస్తు నింపి బల్ల మీద పెట్టుకున్నాను. అదే ఫైలుతో దాన్ని పంపను.

పోయిన సంవత్సరం తేనిలో ఒక పెళ్ళిలో ఆయన కనిపించారు. పదిమందిలో నా భుజం మీద చెయ్యేసి, మా పిల్లోడు, బాగా చదివినోడు అని పరిచయం చేశారు. ఆ పదిమంది ముందే కాగితం సంగతి అడిగాను. ఆయన చెయ్యి తియ్యలేదు.

"అదంతా ఇంకా మనసులో పెట్టుకోనుండావా? పంతికి కూర్చో, ఆకు వేసినారు."

నేను కూర్చోలేదు. తినకుండానే బస్సెక్కాను. మా నైనా ఇప్పటికీ ఆ విషయంలో నన్ను తిడతాడు, పెళ్ళివాళ్ళు నొచ్చుకున్నారని. నేను నొచ్చుకున్నది ఎవరూ ఆయనతో చెప్పలేదు.

కేబుల్ వాక్యం అలాగే ఉండనివ్వండి. దానికి నేను సరి అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకోను. రెండో వాక్యం సంగతి వేరు. కాపలా తీసేయమని నాకు చెప్పింది ఎవరు? నేను వద్దన్నానా, లేదా? సార్, ఈ రెండింటికీ మీరు చిన్నైనగా కాదు, గైడ్‌గా జవాబు రాసి, కింద సంతకం పెట్టి, పరీక్షల ఆఫీసుకు పంపండి. తమిళమో, ఇంగ్లీషో, మీ ఇష్టం. దరఖాస్తు గడువు ఈ నెలాఖరు. మౌనాన్ని జవాబుగా తీసుకోవడం మానేశాను. చెప్పండి, ఎవరు తీసేయమన్నారు?